ముహూర్తం వేళ మొరాయిస్తున్న ఫ్లాష్‌లు

ఎండకు తోడు 'ఫుల్ పవర్' వాడకం.. వేడెక్కి ఆగిపోతున్న పరికరాలు
ఫొటోగ్రాఫర్లు తెలుసుకోవలసిన సంగతులు

గట్టిమేళం మోగింది. నలువైపుల నుంచి అక్షింతలు ఎగిశాయి. వరుడు మూడో ముడి వేస్తున్నాడు. ఆ క్షణం కోసమే వేదిక ముందు మోకాళ్లపై కూర్చున్న ఫొటోగ్రాఫర్ మీట నొక్కాడు. కెమెరా 'టక్'మంది గానీ వెలుగు రాలేదు. మళ్లీ నొక్కాడు. రాలేదు. ఫ్లాష్ వెనుక ఉన్న చిన్న తెరపై ఉష్ణమాపకం బొమ్మ ఒకటి వెలుగుతోంది. వధువు మేనమామ మాత్రం 'ఏం బాబూ, పడిందా?' అని అడుగుతూనే ఉన్నారు.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలలో పల్నాడు ప్రాంతంలోని ఫొటోగ్రాఫర్లకు ఈ అనుభవం కొత్త కాదు. రెంటచింతల, మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతాల్లో నడి వేసవిన ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం తెలిసిందే. ఆ వేడిలో, రేకుల కప్పు కింద లేదా షామియానా కింద, గంటల తరబడి ఫ్లాష్‌ను పూర్తి శక్తితో వెలిగిస్తే అది ఆగిపోవడంలో వింతేమీ లేదు. అయితే చాలామంది దీనిని పరికరం లోపంగా భావించి మరమ్మతుకు పంపుతున్నారు. కొందరు స్వయంగా విప్పి చూస్తున్నారు. మొదటి దానివల్ల డబ్బు పోతుంది. రెండో దానివల్ల ప్రాణానికే ముప్పు. కావున ఫ్లాష్ ఎందుకు వేడెక్కుతుంది, ఎంతవరకు వాడవచ్చు అన్న విషయాలు తెలుసుకోవడం అవసరం.

లోపల జరిగేది ఇదీ

కెమెరా నెత్తిన పెట్టుకునే ఫ్లాష్‌లో సాధారణంగా నాలుగు పెన్సిల్ సెల్లు ఉంటాయి. ఒక్కొక్కటి 1.2 లేదా 1.5 వోల్టులు. నాలుగు కలిపినా ఆరు వోల్టులు మించవు. ఇంత తక్కువ వోల్టేజీతో మెరుపు పుట్టదు. అందువల్ల లోపల ఉన్న సర్క్యూట్ దీనిని 300 వోల్టులకు పైగా పెంచి కెపాసిటర్‌లో నింపుతుంది. మన మెకానిక్‌లు దీనినే కండెన్సర్ అంటారు. ఫ్లాష్ ఆన్ చేయగానే సన్నగా వినిపించే 'కీచు' శబ్దం ఈ నింపే ప్రక్రియదే. మీట నొక్కగానే, జినాన్ వాయువు నింపిన చిన్న గాజు గొట్టంలోకి ఆ శక్తి అంతా ఒక్కసారిగా దూకుతుంది. అదే మనకు కనిపించే మెరుపు.

లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పెద్ద ఫ్లాష్‌లలో కెపాసిటర్ 1,400 మైక్రోఫారడ్‌ల వరకు ఉంటుంది. దానిని 330 వోల్టులకు నింపితే నిల్వ ఉండే శక్తి సుమారు 75 జౌళ్లు. ఏడున్నర కిలోల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి అయ్యే శక్తి అన్నమాట. ఇది పెద్ద సంగతి కాదనిపించవచ్చు. కానీ ఈ శక్తి వెలువడేది సెకనులో సుమారు వెయ్యోవంతులో. ఆ క్షణానికి లెక్క కడితే అది 75 కిలోవాట్లు. పొలం బోర్లకు బిగించే 5 హార్స్‌పవర్ మోటార్లు ఇరవై ఒకేసారి నడిచినంత! ఆ క్షణం మరీ చిన్నది కనుకనే వేలెడంత గాజు గొట్టం దానిని తట్టుకుంటోంది.

ఈ 75 జౌళ్లలో వెలుగుగా మారేది కొంత భాగమే. మిగిలినదంతా గొట్టంలోనూ, దాని వెనుక ఉన్న అద్దంలాంటి రేకులోనూ, ముందున్న ప్లాస్టిక్ పలకలోనూ వేడిగా నిలిచిపోతుంది. మూడు సెకన్లకు ఒకసారి పూర్తి శక్తితో వెలిగించాం అనుకుందాం. సగటున 25 వాట్ల బల్బును గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతవేసినట్లే. దీనికి తోడు సెల్లలోనూ, వోల్టేజీ పెంచే సర్క్యూట్‌లోనూ మరికొంత వేడి పుడుతుంది. మూడు సెకన్లలో కెపాసిటర్‌ను నింపడానికి నాలుగు పెన్సిల్ సెల్ల నుంచి ఎనిమిది ఆంపియర్ల దాకా కరెంటు ప్రవహించాల్సి వస్తుంది. అరగంట వాడిన తర్వాత సెల్లు తీసి అరచేతిలో పెట్టుకున్నవారికి ఆ చురుకు తెలిసే ఉంటుంది.

ఒకటి రెండు మెరుపుల వల్ల ప్రమాదం లేదు. మధ్యలో విరామం ఉంటే వేడి బయటకు పోతుంది. కానీ పుట్టే వేడి కన్నా పోయే వేడి తక్కువైనప్పుడే చిక్కు. పైగా చుట్టూ ఉన్న గాలే 44, 45 డిగ్రీలు ఉంటే లోపలి వేడి బయటకు పోవడం మరింత నెమ్మదిస్తుంది. డిసెంబరు పెళ్లిలో ఆగకుండా పనిచేసిన ఫ్లాష్ మే నెల పెళ్లిలో మొరాయించడానికి కారణం ఇదే.

అక్షింతల వరుసే అసలు పరీక్ష

తాళి కట్టే వేళ ఫ్లాష్ ఆగిందంటే తప్పు ఆ క్షణంలో జరిగినది కాదు. అంతకు ముందు అరగంటలోనే జరిగి ఉంటుంది. పెళ్లికి ముందు రిసెప్షన్ పెట్టడం ఇప్పుడు పల్లెల్లోనూ ఆనవాయితీ అయింది. వధూవరులను కుర్చీల్లో కూర్చోబెడతారు. బంధువులు, ఊరివారు, నాయకులు వరుసగా వచ్చి అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, కెమెరా వైపు ఒకసారి చూసి వెళతారు. ఎవరి ఫొటో తప్పినా మాట వస్తుంది. 'మా బావగారి ఫొటో లేదేమిటి?' అని ఆల్బమ్ ఇచ్చిన రోజు నిలదీస్తారు. ఐదు సెకన్లకు ఒక ఫొటో చొప్పున తీసినా నిమిషానికి 12, పది నిమిషాలకు 120. ప్రతిదీ పూర్తి శక్తితోనే అయితే ఏ చిన్న ఫ్లాష్ కూడా తట్టుకోలేదు.

తయారీదారులు ఈ విషయాన్ని దాచలేదు. ఫ్లాష్‌తో పాటు వచ్చే పుస్తకంలో స్పష్టంగానే ముద్రిస్తున్నారు. పూర్తి శక్తితో వరుసగా 20 మెరుపులు మించరాదని కొన్ని, 30 మించరాదని మరికొన్ని సూచిస్తున్నాయి. ఆ తర్వాత కనీసం 10 నిమిషాలు విరామం ఇవ్వాలని రాస్తున్నాయి. ఆ పుస్తకం ఎవరు చదువుతారు? పెట్టెతో పాటు అటక మీదికి పోతుంది. అది మన అలవాటు.

ఈ విలేకరికీ ఒక పాఠం ఉంది. వార్తలతో పాటు ఫొటోలు కూడా పంపాల్సిన ఉద్యోగం కనుక ఒక పాత ఫ్లాష్ సంచీలో ఎప్పుడూ ఉంటుంది. కొన్నేళ్ల క్రితం మే నెలలో దగ్గరి బంధువుల ఇంట పెళ్లికి వెళితే, రావలసిన ఫొటోగ్రాఫర్ ఆలస్యం కావడంతో కెమెరా నా చేతికి వచ్చింది. వేదిక వెలుపల తాటాకు పందిరి. పైన తెల్లటి కప్పు లేదు. దూరం నుంచి నిండుగా వెలుగు పడాలని శక్తిని పూర్తిగా పెంచి, కాంతి మెత్తగా రావాలని తెల్ల జేబురుమాలును ముందు కట్టాను. ముప్పావు గంట బాగానే గడిచింది. తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. రుమాలుపై గోధుమ రంగు మచ్చ. ముందు పలక మధ్యలో వంకర తిరిగింది. ఆ ఫ్లాష్‌కు వేడిని గుర్తించి ఆపే ఏర్పాటు లేదు. అది తుదివరకూ వెలుగుతూనే పోయింది. అప్పటి నుంచి ఈ విషయంపై శ్రద్ధ పెట్టాను.

ఆగిపోవడం మంచిదే

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆగిపోయిన ఫ్లాష్ చెడిపోయినట్లు కాదు. తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఈ రక్షణ ఏర్పాటు గురించి లోగడ పెద్ద చర్చే జరిగింది. నికాన్ సంస్థ 2008లో ఎస్‌బీ-900 అనే ఫ్లాష్‌ను విడుదల చేసింది. వేడి హద్దు దాటగానే అది పూర్తిగా ఆగిపోయేది. పెళ్లిళ్లు, క్రీడలు తీసేవారు దీనిపై విసుగు చెందారు. కీలక సమయంలో చేతులు కట్టేసినట్లయిందని వారి బాధ. 2011లో ప్రకటించిన ఎస్‌బీ-910లో ఆ పద్ధతి మార్చారు. వేడెక్కేకొద్దీ మెరుపుకూ మెరుపుకూ మధ్య సమయాన్ని పెంచుతూ పోయేలా చేశారు. ఆ తర్వాత 2016లో వచ్చిన ఎస్‌బీ-5000లోనూ, 2020లో కానన్ ప్రకటించిన ఈఎల్-1లోనూ లోపల చల్లబరిచే ఏర్పాట్లు చేశారు. అరచేతిలో పట్టే ఫ్లాష్‌కు కంప్యూటర్‌లా పంకా పెట్టాల్సి వచ్చిందంటే సమస్య ఎంత నిజమైనదో అర్థమవుతుంది.

ఇప్పుడు మన ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తున్నవి లిథియం బ్యాటరీ ఫ్లాష్‌లు. ఇవి పూర్తి శక్తితో వెలిగించినా ఒకటిన్నర, రెండు సెకన్లలో మళ్లీ సిద్ధమవుతాయి. ఇది వరమే. అదే సమయంలో శాపం కూడా. మామూలు ఆల్కలైన్ సెల్లు వాడిన రోజుల్లో మెరుపుకు మెరుపుకు మధ్య ఐదారు సెకన్లు, సెల్లు నీరసిస్తే పది సెకన్లు ఆగాల్సి వచ్చేది. ఆ ఆలస్యాన్ని తిట్టుకునేవాళ్లం. నిజానికి ఆ ఆలస్యమే ఫ్లాష్‌ను చల్లబరిచేది. ఇప్పుడు ఆ విరామం పోయింది. నిమిషంలో 30 మెరుపులు కొట్టగలుగుతున్నాం. అంటే 10 నిమిషాల విరామం ఇవ్వాల్సిన స్థితికి ఒక్క నిమిషంలోనే చేరుతున్నాం.

ప్రీవెడ్డింగ్ షూటింగ్‌లలో మరో చిక్కు ఉంది. కొండవీడు కోటకో, ఎత్తిపోతలకో వెళ్లి మిట్టమధ్యాహ్నం ఎండలో ఫొటోలు తీస్తున్నారు. వెనుక దృశ్యం మసకగా రావాలని అపెర్చర్ బాగా తెరిచి, షటర్ వేగాన్ని 1/2000 దాకా పెంచుతున్నారు. మామూలుగా ఫ్లాష్ 1/200 లేదా 1/250 వేగం వరకే పనిచేస్తుంది. ఆపై వేగంలో షటర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు. సన్నని చీలికలా కదులుతుంది. ఆ చీలిక ఒక అంచు నుంచి మరో అంచుకు చేరేవరకు ఫ్లాష్ ఎడతెగకుండా చిన్నచిన్న మెరుపులను కురిపించాలి. దీనినే హైస్పీడ్ సింక్ అంటారు. ఇందులో ఫొటోకు దక్కే వెలుగు తక్కువ, ఖర్చయ్యే శక్తి ఎక్కువ. పూర్తి శక్తి మీద ఈ పద్ధతిలో వాడితే మామూలు కన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. కొత్త దంపతులను చెట్టు నీడకు తీసుకెళ్లడమో, ఉదయం ఏడు గంటలకే పని మొదలుపెట్టడమో, లెన్స్‌కు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించి 1/200 వేగంలోనే తీయడమో మేలు.

శక్తి తగ్గించినా వెలుగు తగ్గదు

పూర్తి శక్తి నిజంగా అవసరమా అన్నదే అసలు ప్రశ్న. చాలా సందర్భాల్లో అవసరం లేదు. రీలు కెమెరాల కాలంలో 100 లేదా 200 వేగం ఫిల్మ్ వాడేవారు. వెలుగు ఎక్కువ కావలసి వచ్చేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో ఐఎస్‌వో 800, 1600 పెట్టినా ఆల్బమ్ సైజుకు ఫొటో శుభ్రంగా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గైడ్ నంబరు 36 ఉన్న ఫ్లాష్‌తో నాలుగున్నర మీటర్ల దూరంలో ఉన్నవారిని ఐఎస్‌వో 100, ఎఫ్8 వద్ద తీయాలంటే పూర్తి శక్తి కావాలి. 36ను నాలుగున్నరతో భాగిస్తే ఎనిమిది. అదే లెక్క. ఐఎస్‌వోను 400 చేస్తే నాలుగో వంతు శక్తి చాలు. 1600 చేస్తే పదహారో వంతు చాలు. అపెర్చర్‌ను ఎఫ్5.6కు తెరిస్తే అందులోనూ సగమే. పూర్తి శక్తితో 30 మెరుపులకే అలసిపోయే పరికరం పదహారో వంతు శక్తితో వందల ఫొటోలకు నిలుస్తుంది. సెల్లు కూడా ఆదా. మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎదురుచూపు ఉండదు కనుక తలంబ్రాల వేళ ఒక్క భంగిమ కూడా తప్పిపోదు.

ఫంక్షన్ హాళ్లలో ఫ్లాష్‌ను పైకప్పుకు తిప్పి వెలుగును కిందికి రప్పించే పద్ధతి ఉంది. ముఖాలపై మెత్తని కాంతి పడుతుంది. మంచిదే. కానీ ఇందులో వెలుగు నాలుగు నుంచి ఎనిమిది రెట్లు నష్టపోతుంది. కప్పు పది అడుగుల ఎత్తులో తెల్లగా ఉంటే సరే. కొత్త హాళ్లలో కప్పు ఇరవై, ముప్పై అడుగుల ఎత్తులో, పైగా ఎరుపు, బంగారు రంగు అలంకరణలతో ఉంటోంది. అక్కడ వెలుగును పైకి పంపితే పూర్తి శక్తి కూడా చాలదు. ఆ సందర్భంలో వేదికకు రెండు పక్కలా గొడుగులతో కరెంటు లైట్లు నిలబెట్టి, ట్రిగ్గర్‌తో వెలిగించడమే తగిన పద్ధతి. అవి పెద్దవి, వరుస మెరుపులకు తయారైనవి. తీసుకెళ్లే శ్రమ ఉంటుంది, నిజమే. అది వీలుకానప్పుడు రెండు చిన్న ఫ్లాష్‌లను పక్కపక్కన పెట్టి చెరి సగం శక్తితో వాడితే వెలుగు అంతే వస్తుంది. వేడి మాత్రం ఇద్దరూ పంచుకుంటారు. రిసెప్షన్‌కు ఒకటి, ముహూర్తానికి మరొకటి అని విడిగా ఉంచుకునే అనుభవజ్ఞులూ ఉన్నారు. ముహూర్తం ఫ్లాష్‌ను అక్షింతల వరుసకు ముట్టరు.

సెల్లు, రంగు కాగితాలు

సెల్ల విషయంలో మన మార్కెట్‌లో జాగ్రత్త అవసరం. ఛార్జింగ్ పెన్సిల్ సెల్లు మంచివైతే 2,000 నుంచి 2,700 ఎంఏహెచ్ మధ్య ఉంటాయి. 3,000 దాటిన అంకెలు పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటే నమ్మరాదు. పాతవి, కొత్తవి కలిపి వేయడం మరో పొరపాటు. నాలుగింటిలో ఒకటి ముందుగా ఖాళీ అయితే మిగిలిన మూడూ దానిలోకి కరెంటును ఎదురు నెడతాయి. అది ఉడికిపోయి కారుతుంది. నాలుగింటికీ ఒకే గుర్తు వేసి, కలిపే ఛార్జ్ చేసి, కలిపే వాడాలి. ఛార్జర్ నుంచి తీసిన వేడి సెల్లను వెంటనే వేయరాదు. లిథియం బ్యాటరీ ఏమాత్రం ఉబ్బినట్లు కనిపించినా పక్కన పెట్టాల్సిందే. ఎండలో నిలిపిన కారులో, ద్విచక్ర వాహనం డిక్కీలో ఫ్లాష్‌ను వదిలితే పని మొదలుకాకముందే సగం వేడి ఎక్కి ఉంటుంది.

ఫ్లాష్ ముందు కట్టే రంగు జెలటిన్ కాగితాలూ వేడిని పెంచుతాయి. ముదురు నీలం, ఎరుపు రంగులు వెలుగులో అధిక భాగాన్ని పీల్చుకుని కరిగి పలకకు అతుక్కుంటాయి. కాగితానికీ పలకకూ మధ్య కొద్దిగా సందు ఉంచాలి. పలకపై ధూళి, వేలిముద్రల జిడ్డు ఉన్నా అక్కడ మాడి మచ్చ పడుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవడానికి నిమిషం పట్టదు. నా జేబురుమాలు సంగతి ఇంతకుముందే చెప్పాను.

వేడెక్కినట్లు ముందుగా తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. రెండు సెకన్లలో సిద్ధమయ్యేది ఐదు, పది సెకన్లు తీసుకుంటుంటే సెల్లు అయిపోయాయని అనుకోకండి. ముందు తలభాగంపై చేయిపెట్టి చూడండి. చేయి నిలవకపోతే ఆపేయండి. అప్పుడు కొత్త సెల్లు వేస్తే రోగం ముదురుతుంది. స్విచ్ ఆపి, సెల్లు తీసి, తలుపు తెరిచి పంకా గాలిలో పది నిమిషాలు ఉంచితే చాలు. ఐస్‌పెట్టెలో పెట్టడం, తడిగుడ్డ చుట్టడం, నీటి తుంపరలు వచ్చే కూలర్ ఎదుట పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. లోపల 300 వోల్టుల కెపాసిటర్ ఉందన్న సంగతి మరవరాదు. ఆ తేమ చాలు, సర్క్యూట్ కాలిపోవడానికి.

విప్పితే ప్రమాదం

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆగిపోయిన ఫ్లాష్‌ను స్క్రూడ్రైవర్‌తో విప్పే అలవాటు మన దగ్గర ఎక్కువ. రేడియో, సెల్‌ఫోన్ విప్పిన చేతులే దీనినీ విప్పుతున్నాయి. సెల్లు తీసేశాం కదా అన్న ధీమా పనికిరాదు. సెల్లు తీసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు గంటల తరబడి, కొన్ని సందర్భాల్లో రోజుల తరబడి నిల్వ ఉంటుంది. గుండె లయ తప్పిన రోగికి ఆస్పత్రిలో యంత్రంతో ఇచ్చే షాక్ 150 నుంచి 200 జౌళ్లు. ఫ్లాష్‌లో ఉన్నది 75 జౌళ్లు. ఒక చేతి నుంచి మరో చేతికి ఛాతీ మీదుగా ప్రవహిస్తే ఆరోగ్యవంతుడి గుండెను ఆపడానికి అది చాలు. ఆ పని తెలిసినవారు కెపాసిటర్‌ను తగిన రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో కొలిచి నిర్ధారించుకున్న తర్వాతే చేయి పెడతారు. అలాంటివారు మన మండల కేంద్రాల్లో అరుదు. విజయవాడకో, హైదరాబాద్‌కో పంపడమే క్షేమం.

పిల్లల విషయమూ అంతే. వేదిక పక్కన పెట్టిన ఫ్లాష్‌ను పసివాళ్లు ఆటవస్తువుగా తీసుకుని ముఖానికి ఆనించుకోవడం పెళ్లిళ్లలో చూస్తూనే ఉన్నాం. పూర్తి శక్తిపై ఉన్న ఫ్లాష్ చర్మానికి ఆనుకుని వెలిగితే కాలుతుంది. పని లేనప్పుడు స్విచ్ ఆపి సంచీలో పెట్టాలి.

పెళ్లివారికీ ఒక మాట. అక్షింతల వరుస మధ్యలో ఫొటోగ్రాఫర్ ఐదు నిమిషాలు ఆగుతానంటే అతడు బద్ధకస్తుడని అనుకోవద్దు. ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి కూర్చోమనండి. పురోహితుడు ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉందన్నప్పుడే ఆ విరామం ఇవ్వడం అన్నివిధాలా సౌకర్యం.